మా ఆయన ట్యాబ్‌లో వ్యవసాయం చేస్తున్నారు!

ప్రశ్న:

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 62, మా వారికి 68. నలభై ఏళ్ళు సొంత చేలో వ్యవసాయం చేశారు. రెండేళ్ళ కిందట మోకాలి ఆపరేషన్ అయ్యాక నాలుగెకరాలూ కౌలుకి ఇచ్చేశాం. కొబ్బరితోట ఒక్కటి ఉంచుకున్నాం, దాని దింపులూ అవీ మా మరిది చూస్తాడు. వేసవి సెలవులకి హైదరాబాద్ నుంచి మా మనవరాలు వచ్చింది, తొమ్మిదేళ్ళది. పాత ట్యాబ్‌లో ఏదో వ్యవసాయం ఆట ఆడుతుంటే ఈయన పక్కన చేరి "అలా కాదమ్మా, ముందు నీళ్ళు పెట్టు" అంటూ మొదలుపెట్టారు. పిల్ల జూన్‌లో వెళ్ళిపోయింది, ట్యాబ్ ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు రోజుకి రెండు మూడు గంటలు అదే పని. రాత్రి అన్నం తిని కూర్చుంటే పదకొండవుతోంది. పిలిస్తే "ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు" అంటారు. అందులో ఒక తాతగారు ఉత్తరం రాసిపెట్టి పోతారట, పట్నంలో ఉద్యోగం చేసే మనవడు అది చదివి ఊరికొచ్చి సేద్యం చేస్తాడట.

మా మరిది చూసి నలుగురిలో "అన్నయ్యకి మళ్ళీ చిన్నతనం వచ్చింది వదినా" అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కోడలు ఫోన్‌లో "అత్తయ్యా, ఇలాగే మొదలై రమ్మీలోకి దిగుతారు, బ్యాంకు ఖాతా ఒకసారి చూసుకోండి" అంటోంది. అబ్బాయి "పోనీలే అమ్మా" అంటాడు. ఇదివరకు సాయంత్రం ఇద్దరం అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే కూర్చుంటున్నాను. ట్యాబ్ దాచేద్దామని రెండుసార్లు తీశాను, మళ్ళీ అక్కడే పెట్టేశాను. ఇది జబ్బా? తొమ్మిదేళ్ళ పిల్లకీ, అరవై ఎనిమిదేళ్ళ మనిషికీ ఒకే ఆట నచ్చడమేమిటి? ఉన్నమాట చెప్పాలి, అందులో కోళ్ళు మాత్రం బాగున్నాయి.

(పేరు రాయొద్దన్నారు, కోనసీమ)

జవాబు:

అక్కయ్యగారికి నమస్కారం.

ట్యాబ్ దాచకండి. రెండుసార్లు తీసి మళ్ళీ అక్కడే పెట్టారంటే మీకూ ఆ సంగతి తెలుసు. మిగతాది నేను చెబుతాను. మధ్యలో పక్కదారులు పడతాను, ఓపిక పట్టాలి మరి. నాకు 54, ఈ ఆటలు నేనూ ఆడతాను.

ముందు మీ కోడలి భయం తీర్చేద్దాం, అది చిన్న పని. తాతగారి ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆ ఆట పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. ఒకసారి డబ్బు కట్టి కొనుక్కోవడమే, మళ్ళీ పైసా అడగదు. ప్రకటనలుండవు. నెట్ లేకపోయినా నడుస్తుంది. అందులో సంపాదించే బంగారం అందులోనే ఖర్చవుతుంది, మీ పాస్‌బుక్కుకీ దానికీ దారి లేదు. రమ్మీ సంగతి పూర్తిగా వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. పేకాటకీ బావగారి ఆటకీ ఉన్న చుట్టరికం, పందెం కోడికీ పెరటి కోడికీ ఉన్నంతే. మీ మరిదిగారు సంక్రాంతి మూడు రోజులూ ఎక్కడుంటారో నేను అడగను. మీరు మాత్రం ఒకసారి నలుగురిలో అడగొచ్చు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది ఇంకో రకం దగ్గర. చూడటానికి అదీ వ్యవసాయమే, అదీ బొమ్మల పొలమే. ఉచితం అని ఉంటుంది. విత్తనం వేశాక "ఎనిమిది గంటలు ఆగు, లేదా ఈ వజ్రాలు కొనుక్కో" అంటుంది. నేను ఒకసారి అలాంటి ఆటలో వారం రోజుల్లో 1,700 రూపాయలు వజ్రాలకి తగలేశాను. 49, 99, 149 అని చిన్న చిన్న ముక్కలుగా పోయాయి. నెలాఖరున బ్యాంకు మెసేజిలు కూడుకుంటే కళ్ళు తిరిగాయి. ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, ఇదిగో మీ పుణ్యమా అని తెలిసిపోతుంది. 2009లో ఫేస్‌బుక్‌లో ఫామ్‌విల్ వచ్చినప్పుడు మా స్టాఫ్‌రూమ్‌లో సగం మంది దాని మీదే ఉండేవారు. వేళకి వెళ్ళి కోయకపోతే పంట ఎండిపోయేది. పాఠం మధ్యలో గడియారం చూసుకునేవాళ్ళు, అన్నం ముందు నుంచి లేచి వెళ్ళేవాళ్ళు. ఆ ఫేస్‌బుక్ ఆటని 2020 డిసెంబరు 31న మూసేశారు. బావగారి ఆటలో ఆ బెదిరింపు లేదు. ట్యాబ్ మూసి పదిరోజులు రాజమండ్రి వెళ్ళి వచ్చినా, మొక్కలు ఎక్కడున్నవి అక్కడే ఆయన కోసం ఆగి ఉంటాయి. కాబట్టి కోడలితో ఒక్కమాట చెప్పండి: ట్యాబ్‌లో కార్డు నంబరు గాని యూపీఐ గాని ఉంటే తీసేయమనండి, మనవరాలి కోసమైనా అది మంచిది. ఆ విషయం అక్కడితో సరి.

ఇక మీ అసలు ప్రశ్న. పిల్లకీ ముసలాయనకీ ఒకే ఆట ఎందుకు నచ్చింది?

అక్కయ్యగారూ, తొమ్మిదేళ్ళ పిల్లని ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు. ఏ బడికి వెళ్ళాలో, ఏం తినాలో, ఎన్నింటికి లేవాలో అన్నీ ఇంకెవరో చెబుతారు. ఆ ఆటలో మాత్రం ఏ మడిలో ఏం వెయ్యాలో తనే అనుకుంటుంది, ఆవుని ఎప్పుడు కొనాలో తనే అనుకుంటుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషినేమో అడగడం మానేస్తాం. మోకాలు నొప్పి కదా అని, శ్రమ ఎందుకని, ప్రేమతోనే మానేస్తాం. చేను కౌలుదారుది, కొబ్బరి మరిదిది, బ్యాంకు పని అబ్బాయి ఫోన్‌లో, మందుల డబ్బా మీ చేతిలో. నలభై ఏళ్ళు పొద్దున్న లేవగానే "ఇవాళ ఏం చెయ్యాలి" అనుకున్న మనిషికి, ఆ ప్రశ్న రెండేళ్ళుగా లేదు. "అలా కాదమ్మా, ముందు నీళ్ళు పెట్టు" అన్నారని రాశారు చూశారా. ఆపరేషన్ తర్వాత ఆయన మాట ఒకరికి పనికొచ్చిన మొదటి రోజు అదేనేమో.

మీ అబ్బాయి వయసు వాళ్ళు కూడా ఈ ఆటలు ఆడతారు, వాళ్ళ కారణం ఇంకోటి. వాళ్ళకి ఆఫీసులో అడిగేవాళ్ళు మరీ ఎక్కువ. పొద్దున్న మొదలెట్టిన పని రాత్రికి పూర్తయిందన్న తృప్తి వాళ్ళకి దొరకదు. ఇక్కడ పదిహేను మొక్కలకి నీళ్ళు పోస్తే పోసినట్టే. స్టార్‌డ్యూ వ్యాలీ మొదట్లో చేతికిచ్చేది సరిగ్గా పదిహేను విత్తనాలే. ముల్లంగి లాంటి ఒక తెల్లదుంప, నాలుగు రోజులకి చేతికొస్తుంది. ఎవరూ తరమరు, గడువు దాటిందని ఎవరూ తిట్టరు. అలసిపోతే వెళ్ళి పడుకోవచ్చు. తుపాకులు పేల్చే ఆటల్లో పిల్లల వేళ్ళ వేగం మనకి రాదు. ఇందులో ఆ వేగంతో పని లేదు. నిదానంగా చేసే వాడికే కాస్త లాభం.

ఈ ఆటలు ఎవరికి ఎందుకు తట్టాయో కూడా చెబుతాను, నాకు చాలా ఇష్టమైన సంగతి. ఈ రకానికి మొదటిదనదగ్గ ఆట జపాన్‌లో 1996లో వచ్చింది, బయటి దేశాల్లో హార్వెస్ట్ మూన్ అన్నారు. దాన్ని చేసిన యసుహిరో వాడా పల్లెలో పెరిగి ఉద్యోగానికి టోక్యో చేరినవాడు. ఊరు వదిలిపెట్టాక గాని ఊరు ఏమిటో తెలియలేదు ఆయనకి. తర్వాత 2001లో, ఊళ్ళో జంతువులే ఇరుగుపొరుగుగా ఉండే యానిమల్ క్రాసింగ్ మొదటి ఆట జపాన్‌లో వచ్చింది. దాని వెనక ఉన్న కత్సుయా ఎగుచి చిబా నుంచి ఉద్యోగానికి క్యోటో వెళ్ళి, అయినవాళ్ళు దూరమై బెంగ పెట్టుకున్నాడు. తను ఇంటికి చేరేది రాత్రి పొద్దుపోయాక. ఇంట్లోవాళ్ళు అప్పటికే ఆడి లేచేవాళ్ళు. వేరే వేరే వేళల్లో ఆడినా ఒకే ఊళ్ళో కలిసినట్టు ఉండాలి అన్న ఆలోచన అక్కణ్ణుంచి వచ్చింది. ఇక స్టార్‌డ్యూ వ్యాలీ చేసిన ఎరిక్ బరోన్, హార్వెస్ట్ మూన్ ఆడుతూ పెరిగిన అమెరికా కుర్రాడు. చదువయ్యాక ఉద్యోగం దొరక్క, సియాటిల్‌లో ఒక థియేటర్లో జనానికి సీట్లు చూపించే పని చేసుకుంటూ, బొమ్మలూ సంగీతమూ కథా అన్నీ ఒక్కడే కూర్చుని నాలుగున్నరేళ్ళు చేశాడు. 2016 ఫిబ్రవరిలో విడుదలైంది. 2024 చివరికి నాలుగు కోట్ల కాపీలు దాటింది. కరోనా మొదలైన 2020 మార్చిలో వచ్చిన యానిమల్ క్రాసింగ్ కొత్త ఆటా అంతే, నాలుగు కోట్లు దాటింది.

అమలాపురం నుంచి హైదరాబాద్ వెళ్ళిన మన పిల్లల కథే కదండీ ఇది. బెంగ అంటే చిన్నపిల్లలకే అనుకుంటాం. పెద్దవాళ్ళకీ ఉంటుంది, కాకపోతే జ్వరం రాదు కాబట్టి మనకి తెలియదు.

2011 సార్వాకి కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని క్రాప్ హాలిడే అంటూ పంట వేయడం మానేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. మా నాన్నగారూ మానేశారు. ఆ నాలుగు నెలలూ పొద్దున్నే కండువా భుజాన వేసుకుని గట్టు దాకా వెళ్ళి వచ్చేవారు. చేలో పని లేదు. బోదెలో నీళ్ళు వస్తున్నాయి, ఆ నీళ్ళతో ఆయనకి అవసరం లేదు. అయినా ఒకచోట మట్టి జారితే కాలితో సర్ది వచ్చేవారు. "ఎందుకు నాన్నా" అంటే "ఊరికే" అనేవారు. ఆ "ఊరికే"ని ఇన్నేళ్ళ తర్వాత మీ ఉత్తరంలో చూశాను.

ఇంకో సంగతి గమనించారో లేదో. హార్వెస్ట్ మూన్ వచ్చిన ఆ 1996లోనే, నవంబరు 6 రాత్రి, తుపాను మన కొబ్బరితోటలని పడుకోబెట్టింది. బావగారికి అప్పటికి నలభై లోపే ఉంటుంది. తెల్లారి తోటలోకి వెళ్ళి నిలబడినవాళ్ళలో ఆయనా ఒకరై ఉంటారు. బరకాల మీద ధాన్యం ఆరబోసి, మబ్బు పట్టినప్పుడల్లా పరుగెత్తి కుప్ప చేసి, తేమ 17 శాతం దాటిందని మిషను చూపిస్తే మళ్ళీ ఆరబోసి, గోనె సంచుల కోసం తిరిగి, డబ్బు పడిందా అని అబ్బాయి చేత ఖాతా చూపించుకున్న మనిషి. ఆ ఆటలో ఇంటి పక్కన ఒక పెట్టె ఉంటుంది. కోసింది అందులో వేసి పడుకుంటే, తెల్లారేసరికి డబ్బు. తేమ చూసేవాడు లేడు, తరుగు తీసేవాడు లేడు. నష్టం బొత్తిగా లేదని కాదు. కాకులు తినేస్తాయి, ఉరుముల వానలో పిడుగు పడి మొక్క మాడిపోవచ్చు, రుతువు మారితే కోయని పంట చచ్చిపోతుంది. కాకులకి దిష్టిబొమ్మ పెట్టుకోవచ్చు. మిగతావాటికి రేపు మళ్ళీ విత్తుకోవచ్చు, అప్పు పుట్టదు. నలభై ఏళ్ళు చేసిన పనిలో ఆయనకి తీపి ఏదో, చేదు ఏదో మీకే బాగా తెలుసు. తీపి మాత్రమే వడకట్టి ఎవరో ట్యాబ్‌లో పోసిచ్చారు. రెండు గంటలు తాగుతున్నారు, అంతే.

పిల్లల ఆట అని నవ్వారట. లక్కపిడతలతో మనం ఏం చేశాం? వేలెడంత పొయ్యి మీద గోరంత గిన్నెలో ఇసక అన్నం వండి, లేని చుట్టాలకి వడ్డించాం. బొమ్మలపెళ్ళికి నిజం పప్పుబెల్లాలు పంచిపెట్టింది మా అమ్మమ్మ, అప్పటికి ఆవిడకి డెబ్బై. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టినప్పుడు కింది మెట్టు మీద ఊరు కట్టేది ఎవరు, పిల్లలా? ధాన్యం మొలకలు పోసి పచ్చటి చేను చేసి, పళ్ళెంలో నీళ్ళు పోసి చెరువు చేసి, గట్టు మీద మట్టి ఆవుని నిలబెట్టి, "కొంచెం ఎడమకి జరుపు" అంటూ గంటసేపు మీదే పని. మనకి ఊరు కట్టే ఆట కొత్త కాదు. బావగారి దగ్గర మెట్టుకి బదులు గాజుపలక ఉంది.

జబ్బా అని అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని జబ్బుల జాబితాలో చేర్చిన మాట నిజమే. 2019లో ఆమోదించారు, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. వాళ్ళు చూసేది గంటలు కాదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, మిగతా పనులన్నీ ఆట తర్వాతే అనుకోవడం, నష్టం కనబడుతున్నా మానకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు ఉంటే అప్పుడు ఆ పేరు. బావగారు వేళకి తింటున్నారా, స్నానం చేస్తున్నారా, ఇంటికి మనిషి వస్తే ట్యాబ్ పక్కన పెడుతున్నారా, పాలవాడితో మాట్లాడుతున్నారా చూడండి. ఇవి తప్పితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మనిషి దేనిమీదా ఆసక్తి లేకుండా ముడుచుకుపోతున్నా, తిండి తగ్గినా, రాత్రిళ్ళు నిద్ర లేకపోయినా, ఆట ఆడినా ఆడకపోయినా చూపించాల్సిందే.

2020లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు యానిమల్ క్రాసింగ్‌తో పాటు ఇంకో ఆట ఆడే మూడు వేల మందికి పైగా జనాన్ని అడిగి, కంపెనీల దగ్గర అసలు ఆడిన గంటల లెక్క తీసుకుని చూశారు. ఎక్కువసేపు ఆడినవాళ్ళు కాస్త మెరుగ్గానే ఉన్నామన్నారు. అది చూసి ఆట మందులా పనిచేస్తుందని రాసేసినవాళ్ళున్నారు, నేనైతే అనను. 2022లో వాళ్ళే దాదాపు 39 వేల మందితో, ఏడు ఆటలతో మళ్ళీ చూస్తే, గంటలు పెరిగినా తగ్గినా మనసుకి పెద్ద తేడా ఏమీ కనబడలేదు. తేడా ఉన్నది ఆడాలనిపించి ఆడేవాళ్ళకీ, ఆడక తప్పదనిపించి ఆడేవాళ్ళకీ మధ్య. ఇది మీరు ఇంట్లోనే కనిపెట్టొచ్చు. ఆడుతున్నప్పుడు బావగారి మొహం చూడండి. పెదవి మీద నవ్వుంటే ఒక లెక్క, పళ్ళు బిగించి ఉంటే ఇంకో లెక్క.

రాత్రి పదకొండు మాత్రం నాకూ నచ్చలేదు. అది ఎందుకవుతోందో చెబుతాను, పనికొస్తుంది. ఆ ఆటలో ఒక రోజంటే మన గడియారంలో దాదాపు 14 నిమిషాలు. పొద్దున్న ఆరింటికి మొదలు. రాత్రి పడుకుంటేనే ఆ రోజు ముగుస్తుంది. పడుకోగానే అమ్మకాల లెక్క చూపిస్తుంది, వెంటనే మళ్ళీ తెల్లారుతుంది. ఇంట్లో టీవీ పెడితే రేపు వాన అంటుంది. వాన పడితే నీళ్ళు పొయ్యక్కర్లేదు కదా, ఆ తీరిక రోజు కూడా చూసేసి పడుకుందాం అనిపిస్తుంది. "ఇంకొక్క రోజు" అన్నమాట అక్కడిది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. మీరు మధ్యలో లాక్కుంటే మాత్రం ఆ రోజు పని సగంలో తెగిపోతుంది. దమ్ము చేసిన మడిలోకి ఎవరో గేదెల్ని తోలినట్టుంటుంది ఆయనకి. అందుకని గంటల్లో కాదు, రోజుల్లో ఒప్పందం చేసుకోండి. సాయంత్రం నాలుగు రోజులు, అంటే ఇంచుమించు గంట. మళ్ళీ పొద్దున్న కావాలంటే ఇంకో నాలుగు. "ఈ రోజు పడుకోబెట్టి మూసేయండి" అంటే ఆయన మూసేస్తారు. "ఇక చాలు" అంటే మూయరు.

రోజు మారినప్పుడల్లా లేచి గుమ్మం దాకా నడిచి రమ్మనండి, ఆ మోకాలికి అంతసేపు కూర్చోవడం మంచిది కాదు. మంచం మీద కాళ్ళు ముడుచుకుని కాకుండా కుర్చీలో కూర్చోమనండి. భోజనం తర్వాత ట్యాబ్ ముట్టకూడదని మీరిద్దరూ అనుకోండి. నెట్ అక్కర్లేని ఆట కాబట్టి అరుగు మీదికే తెచ్చుకోవచ్చు. సాయంత్రం అయిదున్నరకి, మీరు కూర్చునే చోటికే.

దీనికి బదులు పెరట్లో మొక్కలు పెంచుకోమని చెప్పండి, కడియం నుంచి నాలుగు కుండీలు తెప్పించండి అని చాలామంది సలహా ఇస్తారు. నేను ఇవ్వను. పెరట్లో మొక్కలు మీవి. ఆయన అందులోకి వస్తే గులాబీ కొమ్మలు ఎక్కడ కత్తిరించాలి అని మీ ఇద్దరికీ ఇంకో తగువు. నేను చెప్పేది వేరే. మీ కౌలు రైతుని పదిరోజులకోసారి ఇంటికి రమ్మనండి. దాళ్వాకి ఏ రకం వేస్తున్నాడు, 1121 వేస్తాడా ఇంకోటా, చివరి మడికి నీళ్ళు అందుతున్నాయా, బావగారితో ఓ పావుగంట మాట్లాడి వెళ్ళమనండి. వినకపోయినా ఫర్వాలేదు, అడిగితే చాలు. దింపు రోజున మరిదిగారు ఎన్ని కాయలు దిగాయో వదినకి కాకుండా అన్నయ్యకి చెప్పాలి. లెక్క పుస్తకం మళ్ళీ ఆయన చేతికి ఇవ్వండి. మోకాలికి లెక్కలతో ఏం పని?

ఆదివారం మనవరాలికి వీడియో కాల్ చేసేటప్పుడు ట్యాబ్ ముందుపెట్టుకుని కూర్చోమనండి. ఆ ఆట తెలుగులో లేదు, ఇంగ్లీషు మాటలు పిల్ల చెప్పాలి, ఎప్పుడు ఏది విత్తాలో తాతయ్య చెప్పాలి. మామూలుగా అయితే "బావున్నావా, తిన్నావా, చదువుకుంటున్నావా" దగ్గర మన ఫోన్లు అయిపోతాయి. ఇప్పుడు వాళ్ళిద్దరికీ ఒక ఉమ్మడి పొలం ఉంది. "కొత్త కొట్టం కట్టాను, చూడు" అంటే పిల్ల అరగంట కదలదు. ఎగుచి తన ఇంట్లోవాళ్ళతో కోరుకున్నది కూడా ఇలాంటిదే.

ఇక మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న వాక్యం. "ఇప్పుడు నేనొక్కదాన్నే కూర్చుంటున్నాను" అని రాశారు. మిగతా ఫిర్యాదులన్నీ మరిదివీ, కోడలివీ. మీది ఇదొక్కటే. ఆయన ఆడుతున్నారని కాదు మీ బాధ, మిమ్మల్ని పిలవడం లేదని. పిలవరండీ. నలభై ఏళ్ళూ చేలోకి మిమ్మల్ని పిలిచారా ఏమన్నా? ఊడ్పుల రోజున మీరే క్యారేజీ పట్టుకుని వెళ్ళారు. ఇప్పుడూ మీరే వెళ్ళాలి.

కోళ్ళు బాగున్నాయన్నారుగా. "కోళ్ళు నావి" అనండి. ఆ ఆటలో రోజూ ఒక్కోదాన్నీ తాకి పలకరించాలి, మేత ఉందో లేదో చూడాలి. మచ్చికైన కొద్దీ మంచి గుడ్లు పెడతాయి, పెద్ద గుడ్లు కూడా. రోజుకి ఒక్క నిమిషం పని, తర్వాత ట్యాబ్ ఆయనకి ఇచ్చేయొచ్చు. ఆయన నీళ్ళు పోస్తుంటే మీరు పక్కన కూర్చుని "ఆ మూల మడి మర్చిపోయారు" అనొచ్చు. అది ఎలా అనాలో మీకు నేను నేర్పక్కర్లేదు.

రెండు సంగతులు మీరు అడిగితే ఆయనకి ఆశ్చర్యంగా ఉంటుంది. మొదటిది, తాతగారి సంగతి. ఆటలో మూడో ఏడు మొదలయ్యేటప్పటికి ఉత్తరం రాసిన ఆ తాతగారు ఆత్మగా తిరిగొచ్చి మనవడు పొలం ఎలా చేశాడో చూస్తారు. దాన్నిబట్టి కొవ్వొత్తులు వెలుగుతాయి, ఎక్కువలో ఎక్కువ నాలుగు. రోజుకి రెండు మూడు గంటలంటే బావగారు ఆ ఘట్టం దాటే ఉంటారు. ఎన్ని వెలిగాయో అడగండి. ఒక తాతగారు ఇంకో తాతగారి దగ్గర మార్కులు వేయించుకున్న సంగతి ఆయన ఎవరికీ చెప్పుకుని ఉండరు.

రెండోది వరి. ఆ తెల్లదుంపలు చూసి ఆయన విసుక్కుని ఉంటారు, వరి కూడా ఉందని తెలుసో లేదో. వసంతంలో ఊరి కొట్లో వరి నారు అమ్ముతారు. చెరువు గట్టుకి మూడు గళ్ళ లోపు నాటితే రోజూ నీళ్ళు పొయ్యక్కర్లేదు, ఎనిమిది రోజుల పంట ఆరు రోజులకే వస్తుంది. తర్వాత మర ఒకటి కట్టుకుంటే బియ్యమూ ఆడుకోవచ్చు. ఆకుమడి లేదు, ఊడ్పు కూలీలు దొరకలేదన్న గోల లేదు. నేను మొదటిసారి చెరువు పక్కన వరుసగా నాటి, నీళ్ళ డబ్బా పట్టుకుని వెళ్తే మట్టి అప్పటికే తడిగా ఉంది. సియాటిల్ కుర్రాడికి ఈ సంగతి ఎవరు చెప్పారో అనుకున్నాను. కొబ్బరి విషయంలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ ఆటలో కొబ్బరికాయలు ఎడారిలో ఏరుకోవాలి. బావగారికి ఈ మాట చెప్పి మొహం ఎలా పెట్టారో చూడండి.

ఆట మొదలుపెట్టేటప్పుడు పొలానికి ఒక పేరు పెట్టమంటుంది. మనవరాలే పెట్టి ఉంటుందిలెండి. ఏం పెట్టిందో, కోళ్ళని ఏమని పిలుస్తున్నారో, మళ్ళీ ఉత్తరం రాస్తే చెప్పండి.